డిప్రెషన్‌కు మూలికా మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

డిప్రెషన్ మాత్రలంటే భయపడేవాళ్లు కూడా వేరు, ఆకు, పొడి అనగానే ధైర్యంగా చేయి చాపుతారు. ఆ ధైర్యం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో ఈ జవాబుల్లో చూడండి. మీరు ఇప్పటికే ఏదైనా మందు వాడుతుంటే ఐదో, ఆరో ప్రశ్నలు ముందు చదవండి. మిగతావి తర్వాతైనా చదువుకోవచ్చు.

1. మూలికలతో డిప్రెషన్ తగ్గుతుందా, తగ్గదా? సూటిగా చెప్పండి.

తేలికపాటి, మధ్యస్థాయి డిప్రెషన్‌లో ఒక్క మూలికకు గట్టి ఆధారం ఉంది. దాని పేరు సెయింట్ జాన్స్ వర్ట్. కుంకుమపువ్వు మీద ఆశ కలిగించే చిన్న అధ్యయనాలున్నాయి. ప్రచారంలో ఉన్న మిగతావాటిలో చాలావరకు నిద్రకో, ఆందోళనకో, జ్ఞాపకశక్తికో పరీక్షించినవి. వాటిని డిప్రెషన్ ఖాతాలో వేసి అమ్ముతున్నారు. తీవ్రమైన డిప్రెషన్‌ను ఏ మూలికకూ వదిలేయకూడదు.

ఇందులో ఒక చిక్కుంది. అన్నిటికన్నా బాగా పనిచేసే మూలికే వేరే మందులతో అన్నిటికన్నా ఎక్కువ గొడవ పడుతుంది. ఒంట్లోకి వెళ్లి నిజంగా ఏదో ఒకటి చేసే పదార్థం మనం కోరిన పని ఒక్కటే చేసి ఊరుకోదు. పనిచేసే మూలికంటే మందే. మాత్రను ఎంత జాగ్రత్తగా వాడతామో దీన్నీ అంత జాగ్రత్తగానే వాడాలి.

2. నాది డిప్రెషనా, మామూలు దిగులా? ఎలా తెలుస్తుంది?

దిగులుకు సాధారణంగా ఒక కారణం కనిపిస్తుంది, మధ్యమధ్యలో తెరిపి ఉంటుంది. నచ్చిన మనిషి వస్తే కాసేపు నవ్వగలుగుతాం. డిప్రెషన్‌లో రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ, కనీసం రెండు వారాల పాటు మనసు కుంగిపోయి ఉంటుంది. లేదంటే ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తే ఉండదు. నిద్ర, ఆకలి తారుమారవుతాయి. ఒంట్లో సత్తువ ఉండదు. చదివిన వాక్యమే మళ్లీ చదవాల్సి వస్తుంది. తాను దేనికీ పనికిరాననిపిస్తుంది.

డాక్టర్లు ఎక్కువగా వాడే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు అడుగుతారు. ఒక్కో దానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. 5 నుంచి 9 వస్తే తేలికపాటి, 10 నుంచి 14 వస్తే మధ్యస్థాయి లక్షణాలని లెక్క. 15 గానీ, అంతకు మించి గానీ వస్తే స్వయంవైద్యం ఆలోచనే పెట్టుకోవద్దు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననే ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఇంకేం వచ్చినా, మొత్తం ఎంత తక్కువున్నా, డాక్టర్‌తో మాట్లాడాల్సిందే.

ఇంకో మాట. థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా, రక్తహీనత ఉన్నా అచ్చం డిప్రెషన్‌లాగే కనిపించవచ్చు. ఇవి రక్త పరీక్షలో తేలిపోయేవి. థైరాయిడ్ లోపమున్న మనిషి ఆర్నెల్ల పాటు ఏ మూలిక మింగినా ఆ ఆర్నెల్లూ పోయినట్టే. అందుకే ముందు పరీక్షలు చేయించుకోండి.

3. బతకాలనిపించడం లేదు. త్వరగా పనిచేసే మూలిక ఏదైనా ఉందా?

లేదు. ఏ మూలికా గంటల్లో పనిచేయదు, మీకు సాయం కావలసింది ఇప్పుడు. ఇది చదవడం ఆపి, నమ్మకమున్న ఒక్కరికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "నాకు చచ్చిపోవాలనిపిస్తోంది, ఒంటరిగా ఉండలేను" అంటే చాలు. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. లేదా మీరున్న చోట పనిచేసే అత్యవసర నంబరుకో, ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కో కాల్ చేయండి. మీకు మీరు హాని చేసుకోగల వస్తువులు దగ్గరుంటే వాటిని వేరేవాళ్ల చేతికివ్వండి. ఈ ఆలోచనలు జబ్బు లక్షణాలు, చికిత్సతో తగ్గుతాయి. మిగతా ప్రశ్నలు తర్వాత చూసుకోవచ్చు.

4. సెయింట్ జాన్స్ వర్ట్ అంటే ఏమిటి? దానికంత పేరెందుకు?

యూరప్‌లోనూ, పశ్చిమాసియాలోనూ పొలాల గట్ల మీద పెరిగే పసుపు పూల మొక్క. జూన్ 24న వచ్చే సెయింట్ జాన్ పండుగ రోజుల్లో విరగబూస్తుంది కాబట్టి ఆ పేరు. ఆకును వెలుతురుకు ఎత్తి చూస్తే సూదితో పొడిచినట్టు సన్నని చుక్కలు కనిపిస్తాయి. అవి చిల్లులు కావు, నూనె గ్రంథులు. పసుపు మొగ్గను వేళ్ల మధ్య నలిపితే వేళ్లకు ఎర్రటి మరక అంటుతుంది. ఆ ఎరుపు హైపరిసిన్ అనే పదార్థానిది. దీనితో పాటు హైపర్‌ఫోరిన్ అనే ఇంకో పదార్థం కూడా ఉంటుంది. సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్, డోపమైన్ లాంటి మెదడు రసాయనాలను నాడీకణాలు తిరిగి లోపలికి లాగేసుకోకుండా అడ్డుపడేది ప్రధానంగా ఇదేనంటారు.

జర్మనీలో మూలికలను పరిశీలించే ప్రభుత్వ సంఘం, కమిషన్ ఇ, 1984లోనే దీన్ని ఆమోదించింది. అక్కడ డాక్టర్లు చాలా ఏళ్లుగా చీటీ మీద రాస్తున్నారు. వైద్య అధ్యయనాలను పోల్చి తూచే కోక్రేన్ సంస్థ 2008 సమీక్ష 29 అధ్యయనాలను, 5,489 మంది రోగులను కలిపి చూసింది. ఉత్తుత్తి మాత్ర (పోల్చి చూడటానికిచ్చే, మందు లేని మాత్ర) కన్నా ఇది మెరుగ్గా, మామూలు డిప్రెషన్ మాత్రలతో దాదాపు సమానంగా పనిచేసిందని, సైడ్ ఎఫెక్టులు వాటికన్నా తక్కువని తేల్చింది. అయితే జర్మన్ మాట్లాడే దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో ఫలితాలు మిగతాచోట్ల కన్నా బాగా వచ్చాయని కూడా అదే సమీక్ష చెప్పింది. అమ్మేవాళ్లు ఈ రెండో ముక్కను చెప్పరు.

2002లో అమెరికాలో 340 మందితో ఎనిమిది వారాల అధ్యయనం జరిగింది. మధ్యస్థాయి నుంచి తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లను మూడు గుంపులు చేసి ఒకరికి ఈ మూలిక, ఒకరికి సెర్ట్రలిన్ అనే మామూలు మాత్ర, ఒకరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. పూర్తిగా స్పందించినవాళ్లు మూలిక గుంపులో 24 శాతం, సెర్ట్రలిన్ గుంపులో 25 శాతం, ఉత్తుత్తి మాత్ర గుంపులో 32 శాతం. మూలిక పనికిరాదనడానికి కొందరు ఈ అంకెలే చూపిస్తారు. అలాగైతే పేరున్న మాత్ర కూడా ఆ అధ్యయనంలో నెగ్గలేదు కదా! నాకు అర్థమైనంతలో ఇది చెప్పేది ఒక్కటే: డిప్రెషన్‌లో ఉత్తుత్తి మాత్రకే స్పందన బాగా ఉంటుంది, కాబట్టి ఏ ఒక్క అధ్యయనాన్నీ పట్టుకుని వేలాడకూడదు.

డాక్టర్ల సంఘాలకూ ఏకాభిప్రాయం లేదు. కెనడా నిపుణుల బృందం 2016 మార్గదర్శకాల్లో తేలికపాటి, మధ్యస్థాయి డిప్రెషన్‌కు దీన్ని మొదటి వరుసలో పెట్టింది. బ్రిటన్ మార్గదర్శకాలు 2009లో, కొంత మేలు ఉండవచ్చని ఒప్పుకుంటూనే, దీన్ని రాయొద్దని డాక్టర్లకు చెప్పాయి. మోతాదు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉండటం, వేరే మందులతో పడకపోవడం వాళ్లు చూపిన కారణాలు.

5. వేరే మందులతో గొడవ అంటున్నారు. అసలేం జరుగుతుంది?

మనం మింగిన మందులను విరిచి బయటికి పంపేది ఎక్కువగా కాలేయంలోని ఎంజైములు. వాటిలో సీవైపీ3ఏ4 అనేది సగానికి దగ్గరగా మందుల పని చూస్తుంది. హైపర్‌ఫోరిన్ కాలేయ కణాల్లో ఒక మీట నొక్కుతుంది. దాంతో కాలేయం ఈ ఎంజైమును ఎక్కువెక్కువ తయారుచేస్తుంది. పేగుల్లో మందును తిరిగి బయటికి తోసేసే పంపులు కూడా పెరుగుతాయి. మీరు వేసుకునే మాత్ర అదే, మోతాదు అదే, కానీ రక్తంలో మిగిలేది తక్కువ. తేడా పైకి తెలియదు. పక్షవాతం రాకుండా వేసుకునే మందో, గర్భం రాకుండా వేసుకునే మందో లోలోపల చప్పబడిపోతుంది.

2000లో లాన్సెట్ పత్రికలో రెండు విషయాలు వెలుగులోకి వచ్చాయి. హెచ్ఐవీకి వాడే ఇండినావిర్‌తో పాటు ఈ మూలికను ఆరోగ్యవంతులకిచ్చి చూస్తే, ఒంటికందిన ఇండినావిర్ 57 శాతం తగ్గింది. అదే ఏడాది, గుండె మార్పిడి చేయించుకున్న ఇద్దరి సంగతి రాశారు. డిప్రెషన్‌కని ఈ మూలిక మొదలుపెట్టిన కొద్ది వారాలకే కొత్త అవయవాన్ని ఒళ్లు తిరస్కరించకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్ వాళ్ల రక్తంలో పడిపోయింది, ఒళ్లు కొత్త గుండెను తిరస్కరించడం మొదలుపెట్టింది. మూలిక ఆపాక సైక్లోస్పోరిన్ మళ్లీ పెరిగింది.

గర్భనిరోధక మాత్రలు, చర్మం కింద పెట్టే హార్మోన్ ఇంప్లాంట్లు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, గుండెకు వాడే డిగాక్సిన్, హెచ్ఐవీ మందులు, అవయవ మార్పిడి మందులు, కొన్ని కేన్సర్ మందులు, కొన్ని ఫిట్స్ మందులు: వీటిలో ఏది వాడుతున్నా సెయింట్ జాన్స్ వర్ట్ జోలికి వెళ్లొద్దు. గర్భనిరోధక మాత్రలు వాడుతూ ఈ మూలిక తీసుకున్నవాళ్లలో అనుకోని గర్భాలు వచ్చిన సందర్భాలు నమోదయ్యాయి. నెల మధ్యలో రక్తస్రావం కనిపించడం తొలి హెచ్చరిక కావచ్చు.

మూలిక ఆపిన రోజే ఈ ప్రభావం పోదు, రెండు వారాల దాకా ఉంటుంది. ఇంకో మెలిక కూడా ఉంది. మూలిక ఉండగా వార్ఫరిన్ మోతాదు పెంచారనుకోండి. మూలిక చెప్పకుండా ఆపేస్తే ఎంజైములు మామూలు స్థితికొచ్చి రక్తంలో వార్ఫరిన్ ఎక్కువైపోతుంది, రక్తస్రావం కావచ్చు. మొదలుపెట్టేటప్పుడే కాదు, ఆపేటప్పుడూ డాక్టర్‌కి చెప్పాలనేది అందుకే.

6. ఇప్పటికే డిప్రెషన్ మాత్రలు వేసుకుంటున్నాను. తోడుగా మూలిక కూడా కలిపితే త్వరగా తగ్గుతుంది కదా?

ఆ తప్పు మాత్రం చేయకండి. సెరటోనిన్‌ను పెంచేవి రెండు కలిస్తే అది మోతాదు మించిపోయి సెరటోనిన్ సిండ్రోమ్ అనే స్థితి రావచ్చు. చెమటలు, చేతుల వణుకు, విరేచనాలు, గుండెదడ, ఒక చోట కుదురుగా ఉండలేకపోవడం, కండరాలు బిగుసుకుని అదరడం దాని లక్షణాలు. ముదిరితే జ్వరం తీవ్రంగా పెరిగి మనిషి తికమకపడతాడు, ప్రాణం మీదికి వస్తుంది. ఇది రోజుల్లో కాదు, చాలాసార్లు గంటల్లోనే మొదలవుతుంది. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి, ఏమేం మింగారో అన్నీ చెప్పాలి.

డిప్రెషన్ మాత్రలే కాదు, నొప్పులకిచ్చే ట్రమడాల్, పార్శ్వపు నొప్పికిచ్చే ట్రిప్టాన్లు, కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ కూడా ఈ జాబితాలోవే.

మాత్రలు మానేసి మూలికకు మారదామనుకున్నా తొందరపడొద్దు. చాలా డిప్రెషన్ మాత్రలను ఒక్కసారిగా ఆపితే తలతిరగడం, కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం, చిరాకు, నిద్రలేమి వస్తాయి. మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఫ్లూఆక్సెటిన్ అయితే ఆపాక కూడా వారాల తరబడి ఒంట్లో మిగిలి ఉంటుంది. దాని తర్వాత సెరటోనిన్ మీద పనిచేసే ఇంకో మందు మొదలుపెట్టాలంటే ఐదు వారాల వరకు ఆగమంటారు. ఎంతకాలం ఆగాలనేది మందును బట్టి మారుతుంది, కాబట్టి లెక్క డాక్టర్‌కే వదిలేయండి.

7. ప్రకృతి సహజమైనవి కదా, సైడ్ ఎఫెక్టులు ఎందుకుంటాయి?

పొగాకు కూడా ఆకే కదా!

కేన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ బిళ్ళగన్నేరు నుంచే వచ్చింది. సెలైన్‌లో కలిపి ఎక్కించేటప్పుడు నర్సులు దాన్ని ఎంత జాగ్రత్తగా పట్టుకుంటారో చూసినవాళ్లకు సహజం, కృత్రిమం అన్న తేడా మీద మోజు తగ్గుతుంది. మొక్క తనలో రసాయనాలు తయారుచేసుకునేది మన కోసం కాదు, పురుగుల నుంచి కాపాడుకోవడానికి. సెయింట్ జాన్స్ వర్ట్‌నే తీసుకుంటే, అది మేసిన గొర్రెలకు ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. ఎక్కువ మోతాదులో వాడే మనుషులకూ ఎండ పడకపోవచ్చు. ఇవి కాక కడుపులో వికారం, నోరెండిపోవడం, తలతిరగడం, నిద్ర చెడిపోవడం కొందరిలో కనిపిస్తాయి.

8. కుంకుమపువ్వు నిజంగా పనిచేస్తుందా?

చేస్తుందనే అనిపిస్తోంది, కానీ ఇంకా తేలాల్సింది ఉంది. 2000ల మొదట్లో ఇరాన్‌లో మొదలైన అధ్యయనాల్లో రోజుకు 30 మిల్లీగ్రాముల సారాన్ని ఆరు నుంచి ఎనిమిది వారాలిచ్చి చూశారు. తేలికపాటి, మధ్యస్థాయి డిప్రెషన్‌లో ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా, కొన్నిటిలో ఇమిప్రమిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి మాత్రలకు దగ్గరగా ఫలితం వచ్చింది. చాలా అధ్యయనాల్లో మనుషులు పదుల సంఖ్యలోనే ఉన్నారు, ఎక్కువ భాగం ఒకే దేశంలో జరిగాయి, ఏడాది పాటు చూసినవి కావు. ఆ లోటు తీరేదాకా దీన్ని సెయింట్ జాన్స్ వర్ట్ పక్కన కూర్చోబెట్టలేం. మాత్రలతో గొడవ విషయంలో మాత్రం దానికన్నా ఎంతో మెత్తన.

అసలు బెడద కల్తీ. కుసుమ పూల రేకలు, రంగు వేసిన మొక్కజొన్న పీచు కూడా ఈ పేరుతో అమ్ముడవుతాయి. రెండు మూడు కేసరాలను గోరువెచ్చని నీళ్లలో వేసి చూడండి. అసలుదైతే నీళ్లు నిదానంగా పసుపెక్కుతాయి, కేసరం ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. వేసీ వేయగానే నీళ్లు ఎర్రబడి కేసరం తెల్లబోతే అది రంగు. ఇంట్లో చేసే ఈ పరీక్ష మొరటు కల్తీనే పడుతుంది. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ మేలనుకోవద్దు, గ్రాముల్లో తీసుకుంటే విషమవుతుంది. గర్భిణులు మందు మోతాదులో అసలు తీసుకోకూడదు.

9. అశ్వగంధ?

ఒత్తిడికి, ఆందోళనకు, నిద్రకు కొంత ఆధారముంది. డిప్రెషన్‌కని చెప్పుకోదగ్గ ఆధారం లేదు. టెన్షన్ తగ్గి నిద్ర పడితే మనసు కాస్త తేలికపడుతుంది, నిజమే. దాన్ని డిప్రెషన్ తగ్గడమని పొరబడి అసలు చికిత్స వాయిదా వేసేవాళ్లే ఎక్కువ.

థైరాయిడ్ హార్మోన్లను పెంచే గుణం దీనికుంది. థైరాయిడ్ ఎక్కువున్నవాళ్లకూ, థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లకూ ఇది చిక్కే. షుగర్, బీపీ మందులతో కలిస్తే అవి మరీ తగ్గిపోవచ్చు. కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా పలు దేశాల్లో నమోదయ్యాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒళ్లంతా దురద పుట్టినా ఆ క్షణమే ఆపి పరీక్ష చేయించుకోవాలి. డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది. అంత దూరం వెళ్లాల్సిన పని లేదని నా అభిప్రాయం, కానీ ఏళ్ల తరబడి అలవాటుగా మింగాల్సిన వస్తువు మాత్రం కాదు.

10. బ్రాహ్మి, శంఖపుష్పి, జటామాంసి?

బ్రాహ్మి మీద మనుషుల్లో జరిగిన పరిశోధన ఎక్కువగా జ్ఞాపకశక్తి గురించే. పైగా రెండు వేర్వేరు మొక్కలు ఈ పేరుతో అమ్ముడవుతాయి, డబ్బా మీద శాస్త్రీయ నామం చూడకపోతే ఏది మింగుతున్నారో తెలియదు. శంఖపుష్పి, జటామాంసి మీద ఉన్నవి ప్రధానంగా ఎలుకల ప్రయోగాలు. జటామాంసి హిమాలయాల్లో అంతరించిపోయే దశకు వచ్చిన మొక్క కూడా, దాన్ని కొనకపోవడానికి అదొక్కటే చాలు.

11. మనసు నెమ్మదించడానికి సర్పగంధ మంచిదని విన్నాను.

డిప్రెషన్ ఉన్నవాళ్లు దూరంగా ఉండాల్సిన మూలిక ఏదైనా ఉందంటే ఇదే. పిచ్చికీ, నిద్రలేమికీ, పాము కాటుకూ భారతదేశంలో వందల ఏళ్లుగా వాడిన వేరు ఇది. 1949లో బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జల్ వకీల్ ఇది బీపీని తగ్గిస్తుందని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాక ప్రపంచమంతా దీనివైపు చూసింది. 1952లో దీని నుంచి రిసర్పిన్‌ను విడదీశారు. బీపీకీ, మానసిక జబ్బులకూ అది పెద్ద మందైంది.

తర్వాత కథ మారింది. బీపీకని రిసర్పిన్ వాడినవాళ్లలో కొందరు తీవ్రంగా కుంగిపోతున్నారని డాక్టర్లు 1950ల్లోనే గమనించారు. అది నాడీకణాల్లోని సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్, డోపమైన్ నిల్వలను ఖాళీ చేస్తుందని తేలింది. డిప్రెషన్ అంటే మెదడులో ఈ రసాయనాలు తగ్గడమేననే సిద్ధాంతానికి ఊపిరి పోసిన గమనికల్లో ఇదొకటి. రిసర్పిన్‌కూ డిప్రెషన్‌కూ సంబంధం అప్పట్లో అనుకున్నంత గట్టిది కాదని తర్వాతి పరిశోధకులు వాదించారు, ఆ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. ఆ చర్చ తేలేదాకా మీ మనసు మీద ప్రయోగం చేసుకోనవసరం లేదు. నిద్రకనో, నరాల బలానికనో అమ్మే మిశ్రమాల్లో ఇది ఒక మూలగా ఉంటుంది, లేబుల్ మొత్తం చదవండి.

12. పసుపులోని కర్కుమిన్?

చిన్న అధ్యయనాల్లో కొంత మేలు కనిపించింది. కానీ కర్కుమిన్ రక్తంలోకి చేరడమే కష్టం. అందుకని క్యాప్సూళ్లలో మిరియాల సారం పిపరిన్ కలుపుతారు. 1998 నాటి ఒక ప్రయోగంలో ఇలా కలిపితే మనుషుల్లో దాని లభ్యత 20 రెట్ల మేర పెరిగింది. పిపరిన్ కర్కుమిన్‌నే ఎక్కించి ఊరుకోదు, మీరు వేసుకునే ఇతర మందుల స్థాయిని కూడా పెంచగలదు. అలా కలిపిన క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి.

13. రోడియోలా, కావా, లావెండర్, 5-హెచ్‌టీపీ అని ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నాయి.

రోడియోలాను 2015లో 57 మందితో సెర్ట్రలిన్ పక్కన పెట్టి చూశారు. సైడ్ ఎఫెక్టులు తక్కువే, కానీ ఉత్తుత్తి మాత్రకూ దీనికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కావా ఆందోళనకు పనిచేస్తుంది గానీ కాలేయం మీద దెబ్బ కొట్టిన చరిత్ర ఉంది. జర్మనీ 2002లో నిషేధించింది, 2014లో అక్కడి కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. నేనైతే ఎవరికీ వాడమని చెప్పను. లావెండర్ నూనెతో చేసిన 80 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌కు ఆందోళన విషయంలో మంచి అధ్యయనాలున్నాయి. బయట దొరికే సువాసన నూనె తాగమని దీనర్థం కాదు. 5-హెచ్‌టీపీ ఒక ఆఫ్రికా మొక్క గింజల నుంచి తీస్తారు, ఒంట్లో నేరుగా సెరటోనిన్‌గా మారుతుంది. ఆరో ప్రశ్నలో చెప్పిన ప్రమాదమంతా దీనికీ వర్తిస్తుంది.

14. గంజాయి కూడా మొక్కే కదా?

ఆ పూటకు మత్తు, మర్నాటికి ఇంకాస్త మందగింపు. రోజూ వాడే కుర్రాళ్లలో డిప్రెషన్, మతిభ్రమణం రెండింటి ముప్పూ ఎక్కువ. వద్దు.

15. చూర్ణాలు, భస్మాలు వాడొచ్చా?

మూలిక మంచిదే కావచ్చు, డబ్బాలో ఇంకేం ఉందన్నదే ప్రశ్న. 2008లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక పరిశీలనలో, ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే సుమారు ఐదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. లోహాలతో చేసే రసౌషధాల్లో ఆ నిష్పత్తి ఇంకా ఎక్కువ.

సీసం ఒంట్లో పేరుకుంటే ఏమవుతుంది? అలసట, చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం, దిగులు. అంటే ఏ బాధ పోవడానికి డబ్బా కొన్నారో ఆ బాధనే ఆ డబ్బా పెంచవచ్చు, మీరేమో ఇంకా తగ్గలేదని మోతాదు పెంచుతారు. కడుపులో నొప్పి, మలబద్ధకం, రక్తహీనత కూడా తోడైతే రక్తంలో సీసం పరీక్ష అడగండి.

16. కొనేటప్పుడు లేబుల్ మీద ఏం చూడాలి?

డబ్బా ముందువైపు రాసేదంతా ప్రచారం. తిప్పి వెనక చూడండి. మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం వాడారు, పొడా సారమా అన్నవి ఉండాలి. పొడి అంటే ఎండబెట్టి దంచినది. సారం అంటే అందులోంచి పదార్థాలను లాగి చిక్కబరచినది. 5:1 అని ఉంటే ఐదు కిలోల మొక్క నుంచి కిలో సారం తీశారని అర్థం. 300 మిల్లీగ్రాముల పొడి, 300 మిల్లీగ్రాముల సారం ఒకటి కావు.

సెయింట్ జాన్స్ వర్ట్ అయితే 0.3 శాతం హైపరిసిన్‌కు ప్రామాణీకరించిన సారం అని రాసి ఉండాలి. అధ్యయనాల్లో ఎక్కువగా వాడింది అలాంటిదే, 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారుచేసినవాళ్ల చిరునామా, బయటి ల్యాబ్ పరీక్ష వివరం కూడా చూసుకోండి. "ప్రొప్రైటరీ బ్లెండ్" అని రాసి పదిహేను మూలికల పేర్లిచ్చి ఏది ఎంతో చెప్పని డబ్బాను అక్కడే పెట్టేయండి. అందులో ఏది పనిచేసిందో, ఏది ముంచిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

17. ఎన్నాళ్లు చూడాలి?

నాలుగు నుంచి ఆరు వారాలు. మొదలుపెట్టిన రోజున పీహెచ్‌క్యూ-9 రాసి తేదీ వేసి ఉంచండి, రెండు వారాలకోసారి మళ్లీ రాయండి. మార్కులు సగానికి పడితే మేలు జరుగుతున్నట్టు. ఆరు వారాలకు కదలిక లేకపోతే, లేదా మధ్యలోనే పెరుగుతుంటే, ఇంకో మూలికకు మారడం కాదు, వేరే చికిత్సకు మారాలి. ఒక మూలిక నుంచి ఇంకోదానికి గెంతుతూ ఏడాది గడిపేసినవాళ్లకు పోయేది డబ్బొక్కటే కాదు, ఉద్యోగాలు, చదువులు, బంధాలు కూడా.

18. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు వాడొచ్చా?

వాడకూడదు. ఈ గుంపుల్లో భద్రత మీద సరిపడా సమాచారం లేదు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ను చాలా ఇళ్లలో బాలింత నీరసమని కొట్టిపారేస్తారు. దానికి మంచి చికిత్సలున్నాయి, పాలిస్తూ వాడదగ్గ మాత్రలున్నాయి. పెద్ద వయసువాళ్లలో సమస్య వేరు: వాళ్లు ఇప్పటికే నాలుగైదు మందులు వేసుకుంటుంటారు, ఐదో ప్రశ్నలోని గొడవలన్నీ వాళ్లవే.

19. నాకు బైపోలార్ ఉంది.

అయితే డాక్టర్ చెప్పకుండా ఏ మూలికా వద్దు. సెయింట్ జాన్స్ వర్ట్, డిప్రెషన్ మాత్రల్లాగే, మనిషిని మరీ పైకి, మేనియాలోకి, నెట్టేయగలదు. తనకు బైపోలార్ ఉందని తెలియనివాళ్లూ ఉంటారు. ఇదివరకెప్పుడైనా వరసగా కొన్ని రోజులు నిద్ర లేకుండానే హుషారుగా ఉండి, మాటలు, ఖర్చులు అదుపు తప్పి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.

20. మా తమ్ముడు డాక్టర్ దగ్గరికి రానంటున్నాడు. వాడికి తెలియకుండా తాగేదాంట్లో మూలిక కలిపి ఇవ్వొచ్చా?

మీ ఆరాటం అర్థమవుతుంది. కానీ ఇవ్వొద్దు. అతను ఇంకేం మందులు వాడుతున్నాడో మీకు పూర్తిగా తెలియకపోవచ్చు. ఏదైనా తేడా చేస్తే, కారణమేంటో అతనూ చెప్పలేడు, డాక్టరూ కనిపెట్టలేరు. అన్నిటికీ మించి, ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది. ఆ రోజు తర్వాత మీ చేతి నీళ్లు కూడా తాగడు, మీరు చెప్పే డాక్టర్‌ను అసలే నమ్మడు.

"నీకు డిప్రెషన్, పద ఆస్పత్రికి" అంటే ఎవరైనా మొండికేస్తారు. "నెల నుంచి నువ్వు నిద్రపోవడం లేదు, బరువు తగ్గావు, ఒకసారి రక్త పరీక్ష చేయిద్దాం" అంటే రావచ్చు. సైకియాట్రిస్ట్ పేరు వింటేనే బెదిరిపోతే ముందు మామూలు ఫిజీషియన్ దగ్గరికే తీసుకెళ్లండి. థైరాయిడ్, బి12 అక్కడే తేలతాయి, డిప్రెషన్ చికిత్స కూడా చాలాసార్లు అక్కడే మొదలుపెట్టవచ్చు. చనిపోతానని అంటుంటే మాత్రం అతని ఒప్పుకోలు కోసం ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు.

21. మూలికలు వాడుతున్నానంటే డాక్టర్ కోప్పడతారేమో?

కోప్పడితే పడనివ్వండి, చెప్పడం మానొద్దు. "మందులేమైనా వాడుతున్నారా" అని అడిగితే చాలామంది లేదనే అంటారు, వాళ్ల లెక్కలో మూలిక మందు కాదు మరి. డబ్బాను, లేదా దాని వెనకవైపు ఫొటోను, తీసుకెళ్లి చూపించండి. ఎప్పటి నుంచి, రోజుకెంత, ఎందుకు మొదలుపెట్టారో చెప్పండి. మాత్రలంటే ఉన్న భయమేంటో కూడా చెప్పండి: అలవాటైపోతాయనా, లావవుతాననా, ఎవరికైనా తెలుస్తుందనా. చాలా భయాలకు అక్కడికక్కడే జవాబుంటుంది. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కూ ఇదంతా చెప్పాలి. సాధారణంగా రెండు వారాల ముందే మూలికలు ఆపమంటారు.

22. మాత్రలూ వద్దు, మూలికలూ వద్దు. ఇంకేదైనా దారి ఉందా?

తేలికపాటి డిప్రెషన్‌కు మొదట చూడాల్సిందే ఆ దారి. సీబీటీ అనే మాటల చికిత్సకు మూలికలన్నిటికన్నా గట్టి ఆధారముంది. ఇంకోటి బిహేవియరల్ యాక్టివేషన్. మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకుండా, చిన్న పని ముందు పెట్టుకుని చేయడం, మనసు దాని వెనకాల రావడం. మొదటి వారం స్నానం చేసి వీధి చివరిదాకా నడిచి రావడమే పని కావచ్చు. వ్యాయామం కూడా డిప్రెషన్‌ను తగ్గిస్తుందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. "రోజూ వాకింగ్ చెయ్" అని పడుకున్న మనిషికి దూరం నుంచి సలహా ఇవ్వడం కన్నా చెప్పులేసుకుని పక్కన నడవడం మేలు.

23. మూలికతో తగ్గింది. ఇక ఆపేయొచ్చా?

తగ్గిన మర్నాడే ఆపొద్దు. డిప్రెషన్ తిరగబెట్టే జబ్బు. మామూలు మాత్రలనైతే బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు. మూలిక విషయంలోనూ ఎంతకాలమనేది డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి. ఆపేటప్పుడు రెండు మూడు వారాల్లో మెల్లగా తగ్గించండి. ఆపాక రెండు నెలల పాటు నెలకోసారి పీహెచ్‌క్యూ-9 రాస్తూ ఉండండి. తొలి సూచనలు తరచూ నిద్రలోనే కనిపిస్తాయి: తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం వరసగా వారం జరిగితే, మార్కులు పెరిగేదాకా చూడకుండా అపాయింట్‌మెంట్ తీసుకోండి. వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లు, మూలిక ఆపిన రెండు వారాల్లోపు రక్త పరీక్ష చేయించుకుని మోతాదు సరిచూపించుకోవాలి.